రొయ్య దాటిన సముద్రాలు – 7: పూచీకత్తు పేచీ

తాబేళ్ల తగువు ఎలా ముగిసిందో గత భాగంలో చూశాం. వలలోంచి తాబేలు బయటపడే చట్రం అమర్చని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనేది లేదని అమెరికా 1996లో తలుపు వేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ మెట్లెక్కాయి. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశంలో తప్పు లేదనీ, దాన్ని అమలు చేసిన తీరులోనే వివక్ష ఉందనీ 1998 అక్టోబరులో అప్పీలు మండలి తేల్చింది. ఆ గొడవంతా వేటాడి తెచ్చిన రొయ్యది. చెరువులో పెంచిన రొయ్య జోలికి ఆ చట్టం రాలేదు. అందుకే గోదావరి, కృష్ణా, నెల్లూరు తీరాల్లో చెరువులు తవ్వుకున్న రైతులకు ఆ కేసు ఎక్కడో దూరపు ముచ్చటగానే వినిపించింది.

వాళ్ల వంతు 2003 డిసెంబరు 31న వచ్చింది.

ఆ రోజు అమెరికా రొయ్య వేటగాళ్లు, ప్రాసెసర్ల తరఫున వాషింగ్టన్‌లో ఒక పిటిషన్ దాఖలైంది. బ్రెజిల్, చైనా, ఈక్వెడార్, భారత్, థాయ్‌లాండ్, వియత్నాం దేశాలు తమ రొయ్యను సరైన ధర కంటే తక్కువకు తెచ్చి అమెరికా మార్కెట్లో గుమ్మరిస్తున్నాయన్నది అందులోని ఆరోపణ. వ్యాపార భాషలో దీన్ని డంపింగ్ అంటారు. నేరం రుజువైతే ఆ తేడా మేరకు అదనపు సుంకం పడుతుంది.

అదే రోజు మొగల్తూరులోనో కైకలూరులోనో చెరువు గట్టు మీదున్న రైతుకు ఈ సంగతి తెలిసే వీల్లేదు. ఆయన తంటాలు వేరు. తొంభైల నడుమ వచ్చిన తెల్లమచ్చ తెగులు ఊళ్లకు ఊళ్లను అప్పుల్లో ముంచింది. అది పూర్తిగా పోనూ లేదు. హేచరీ నుంచి తెచ్చిన టైగర్ రొయ్య పిల్ల మంచిదో కాదో నాలుగు వారాలు గడిస్తే గాని నమ్మకం కుదరదు. మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి, ఎంత మిగిలిందో చూసి, రొయ్య తింటోందా లేదా అని లెక్క వేసుకోవాలి. మబ్బు పట్టిన రాత్రి నీళ్లలో ప్రాణవాయువు తగ్గి రొయ్య పైకి తేలితే తెల్లారేసరికి నాలుగు నెలల కష్టం గట్టున పడుతుంది. దేశంలో పది మంది రొయ్య రైతుల్లో తొమ్మిది మందికి ఉన్నది రెండు హెక్టార్లలోపే. అందులోనూ లీజు చెరువులు బోలెడు.

ఇన్ని గండాలు దాటి పట్టుబడికి వస్తే ధర తేల్చేది కౌంటు. కిలోకు ముప్పై తూగితే ముప్పై కౌంటు, నలభై తూగితే నలభై. కౌంటు చిన్నదైతే రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. నిన్న చెప్పిన రేటు ఇవాళ ఎందుకు లేదని అడిగితే ఏజెంటు దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు ఉండేది: "అమెరికా పడిపోయిందటండీ." ఆ పడిపోవడం ఎక్కడ, ఎవరి చేత, ఏ కాగితం మీద జరుగుతుందో చెరువు గట్టుకు చేరేది కాదు.

2004 నుంచి అది కాగితాల మీదే జరిగింది.

అవతలి ఒడ్డు సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే ఈ కథ సగమే. లూసియానా, మిసిసిపి, అలబామా, టెక్సాస్ తీరాల్లో రొయ్య పడవలు నడిపేవాళ్లు పెద్ద కంపెనీలేమీ కాదు. ఒక్క పడవ, ఇద్దరు ముగ్గురు మనుషులు, డీజిల్ అప్పు. వాళ్లలో 1975 తర్వాత శరణార్థులుగా వచ్చి బిలాక్సీ, బేయూ లబాట్రే వంటి రేవుల్లో స్థిరపడ్డ వియత్నాం కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు కేసు పడింది వాళ్లు వదిలొచ్చిన దేశపు రొయ్య మీద కూడా. 2001లో రొయ్య ట్యూనాను దాటి అమెరికన్లు ఎక్కువగా తినే సముద్రాహారమైంది. తినడం పెరిగినా రేవులో పడవవాడికి దక్కే ధర మాత్రం పడిపోయింది, ఎందుకంటే పెరిగిన తిండిని నింపింది ఆసియా, లాటిన్ అమెరికా చెరువులు. కడుపు మండిన ఎనిమిది దక్షిణాది రాష్ట్రాల రొయ్య వేటగాళ్లు 2002లో సదరన్ ష్రింప్ అలయన్స్‌గా ఏకమయ్యారు. వాళ్ల వెనక సెనేటర్లు, గవర్నర్లు నిలబడ్డారు. చిన్నవాడి మాటను ప్రభుత్వం తలకెత్తుకోవడం అంటే ఏమిటో ముందుగా చూపించింది ఆ ఒడ్డే.

ఇంకో ఆకర్షణ కూడా ఉంది. సెనేటర్ రాబర్ట్ బర్డ్ పేరు మీద 2000లో వచ్చిన ఒక చట్ట సవరణ ప్రకారం, వసూలైన డంపింగ్ సుంకం ఖజానాకు కాక పిటిషన్ వేసినవాళ్లకూ, దాన్ని సమర్థించినవాళ్లకూ పంచేవారు. కేసు గెలిస్తే పోటీదారుడి ధర పెరగడమే కాదు, అతను కట్టిన సొమ్మూ చేతికొస్తుంది. ఈ సవరణ చెల్లదని భారత్ సహా 11 ఫిర్యాదీలు వేసిన కేసులో ప్రపంచ వాణిజ్య సంస్థ 2003 జనవరిలోనే తేల్చి చెప్పింది. అమెరికా కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది 2006లో. అప్పటికీ 2007 అక్టోబరు దాకా దిగుమతైన సరుకు మీద సుంకం పంపకానికి వీలు ఉంచింది. రొయ్య కేసు సరిగ్గా ఈ సందులో నడిచింది.

డంపింగ్ లెక్క ఎలా కడతారో కాస్త ఓపిగ్గా చూద్దాం. చిన్న ఎగుమతిదారు ఓడిపోయేది ఇక్కడే.

స్వదేశంలో అమ్మే ధర కంటే అమెరికాలో అమ్మే ధర తక్కువైతే డంపింగ్. కానీ మన టైగర్ రొయ్య మన ఊళ్లో అమ్ముడయ్యేదే తక్కువ. అలాంటప్పుడు మూడో దేశంలో అమ్మిన ధరతోనో, ఖర్చులన్నీ కూడి కట్టిన ధరతోనో పోలుస్తారు. పోల్చడంలో అమెరికా వాణిజ్య శాఖకు ఒక అలవాటు ఉండేది. ఒక లోడు తక్కువ ధరకు వెళ్తే ఆ తేడా లెక్కలోకి వస్తుంది. ఇంకో లోడు ఎక్కువ ధరకు వెళ్తే ఆ లాభాన్ని దీనికి సర్దకుండా సున్నా కింద రాసేస్తారు. దీన్ని జీరోయింగ్ అంటారు. సగటున న్యాయమైన ధరకే అమ్మినవాడు కూడా ఈ పద్ధతిలో దోషిగా తేలవచ్చు. రొయ్య విషయంలో దీన్ని తర్వాత ఈక్వెడార్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేసి గెలిచాయి.

వందల మంది ఎగుమతిదారుల పుస్తకాలు చూసే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి పెద్ద కంపెనీలు కొన్నింటినే ఎంచుకుంటారు. భారత్ నుంచి మూడు: దేవి సీఫుడ్స్, నెక్కంటి సీఫుడ్స్, హిందుస్తాన్ లీవర్. మొదటి రెండూ విశాఖపట్నానివి. ఈ మూడింటి లెక్కల సగటే మిగిలిన అందరి సుంకం. భీమవరం, నెల్లూరు, కాకినాడల్లో చిన్న ప్లాంటు నడిపే మనిషి తన ఖాతాలు ఎంత శుభ్రంగా ఉంచుకున్నా, ఏ ధరకు అమ్మినా, తాను ఒక్క ముక్క మాట్లాడకుండానే తన శిక్ష ఖరారవుతుంది.

2004 జూలైలో ప్రాథమిక రేటు వచ్చింది. ఆ మిగిలిన అందరికీ 14.20 శాతం. డిసెంబరులో తుది నిర్ణయం వచ్చి, సవరణల తర్వాత 10.17 శాతం దగ్గర ఆగింది. దేవికి 4.94, నెక్కంటికి 9.71, హిందుస్తాన్ లీవర్‌కు 15.36. చైనా కంపెనీలకు గరిష్ఠంగా 112.81 శాతం దాకా పడింది కాబట్టి మనం బతికిపోయామన్నవాళ్లూ ఉన్నారు. అంతవరకూ అమెరికాలో రొయ్య మీద మామూలు దిగుమతి సుంకమే లేదు. సున్నా నుంచి పదికి ఎగబాకడం పలుచని లాభం మీద నడిచే వ్యాపారానికి చిన్న దెబ్బ కాదు.

ఇంతలో ప్రకృతి అడ్డొచ్చింది. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సునామీ ఆంధ్ర తీరాన్నీ తాకింది. రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు, పడవలు, వలలు కొట్టుకుపోయాయి. తమిళనాడు, థాయ్‌లాండ్ తీరాల నష్టం చెప్పనలవి కానిది. పదకొండు రోజులకు, 2005 జనవరి 6న అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ తుది ఓటింగుకు కూర్చుంది. తమ దేశపు పరిశ్రమకు దిగుమతుల వల్ల నష్టం జరిగిందని తీర్పిస్తూనే, భారత్, థాయ్‌లాండ్‌లపై సునామీ ప్రభావం వేరుగా పరిశీలిస్తామంది. ఫిబ్రవరి 1న సుంకం ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. పరిశీలన నవంబరులో ముగిసింది, సుంకం అలాగే ఉండిపోయింది. ఆ మధ్యలో, 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను లూసియానా, మిసిసిపి తీరాలను తుడిచిపెట్టింది. ఒకే దావాకు అటూ ఇటూ ఉన్న రెండు ఒడ్ల చిన్నవాళ్లూ ఎనిమిది నెలల తేడాతో సముద్రానికే పడవలు పోగొట్టుకున్నారు.

సుంకం కంటే పెద్ద పిడుగు ఇంకొకటి ఉంది. అదే ఈ భాగానికి అసలు కథ.

అమెరికా పద్ధతిలో డంపింగ్ సుంకం సరుకు దిగినప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు ఎంత కట్టాలో ఏడాది తర్వాత జరిగే సమీక్షలో తేలుతుంది. పెరగొచ్చు, తగ్గొచ్చు. ఈలోపు దిగుమతిదారు మాయమైతే? చైనా క్రాఫిష్ మాంసం విషయంలో అమెరికా కస్టమ్స్‌కు సరిగ్గా అదే అనుభవమైంది. కోట్ల డాలర్ల సుంకం వసూలు కాకుండా పోయింది. ఆ దెబ్బకు 2004 జూలైలో కస్టమ్స్ కొత్త నియమం తెచ్చింది: డిపాజిట్ కట్టడంతో సరిపోదు, గత ఏడాది దిగుమతుల విలువ మీద సుంకం రేటుతో లెక్కగట్టి అంత మొత్తానికి పూచీకత్తు బాండు కూడా ఇవ్వాలి. వినడానికి సబబుగానే ఉంది. కానీ డంపింగ్ సుంకాలు పడ్డ సరుకులు ఎన్నో ఉండగా ఈ నియమాన్ని అమలు చేసింది ఒక్క రొయ్య మీదే.

లెక్క చూడండి. అంతకుముందు బాండు గత ఏడాది కట్టిన సుంకాల్లో పదో వంతు, లేదా 50 వేల డాలర్లు, ఏది ఎక్కువైతే అది. రొయ్యకు సుంకమే లేదు కాబట్టి చాలామందికి 50 వేల డాలర్లతోనే సరిపోయేది. అప్పటి మారకంలో ఇరవై లక్షల రూపాయల పైచిలుకు. కొత్త లెక్కలో ఏడాదికి వంద కోట్ల సరుకు పంపిన ప్లాంటు 10 కోట్ల 17 లక్షలకు బాండు చూపాలి. పంపే ప్రతి కంటైనరు మీదా 10.17 శాతం నగదు డిపాజిట్ వేరే. బాండు ఇచ్చే సంస్థ ఊరికే ఇవ్వదు, అంత మొత్తానికీ హామీ అడుగుతుంది. సమీక్షలు ముగిసి లెక్క తేలేదాకా, అంటే ఏళ్ల తరబడి, ఆ హామీ విడిపించుకోలేరు. మరుసటి ఏడాదికి మళ్లీ కొత్త బాండు దాని మీద పేరుకుంటుంది.

ఇది దిగుమతిదారు బాధ కదా, భీమవరానికేం సంబంధం అనిపించవచ్చు. అమెరికన్ కొనుగోలుదార్లు తెలివిగా తప్పుకున్నారు. సుంకమూ బాండూ మీరే చూసుకుని సరుకు మా గోదాముకు చేర్చండి అన్నారు. దాంతో మన ఎగుమతిదారే అమెరికా కస్టమ్స్ పుస్తకాల్లో దిగుమతిదారుగా మారాల్సి వచ్చింది. ప్లాంటు మీద, కోల్డ్ స్టోరేజీ మీద బ్యాంకు అప్పు అప్పటికే ఉంటుంది. ఇంకే ఆస్తి తాకట్టు పెట్టాలి? పెద్ద కంపెనీలు ఎలాగో నెట్టుకొచ్చాయి. చిన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు అమెరికాకు పంపడం మానుకుని జపాన్, యూరప్ వైపు తిరిగారు. అందరూ అటే తిరిగేసరికి అక్కడి ధరా వంగింది. ఆ వంపు ఏజెంటు ఫోను మీదుగా చెరువు గట్టుకు వచ్చింది, అక్కడి నుంచి ప్లాంటులో గ్రేడింగ్ బల్ల దగ్గర తల తీసి పొట్టు వలిచే ఆడవాళ్ల పని రోజులకు చేరింది. ఇదిగాక ఏటా ఫిబ్రవరిలో సమీక్ష జాబితా వచ్చేది. ఆ జాబితా నుంచి పేరు తీయించుకోవడానికి పిటిషనర్లకు సొమ్ము ముట్టజెప్పి ఒప్పందాలు చేసుకున్న ఎగుమతిదారులూ ఉన్నారు.

డంపింగ్ కేసులో ప్రతివాది కంపెనీయే గాని దేశం కాదు. వాషింగ్టన్ న్యాయవాదుల ఫీజు భరించి వాదించుకోవాల్సింది ఎగుమతిదారులే. సీఫుడ్ ఎక్స్‌పోర్టర్స్ అసోసియేషన్ తన శక్తి మేరకు చేసింది. కానీ నియమమే తప్పని అనాలంటే జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాలి, అక్కడ కుర్చీ ప్రభుత్వాలకే. ఎంత పెద్ద కంపెనీ అయినా గేటు బయటే. భీమవరం ఎగుమతిదారు మాట అక్కడ వినిపించాలంటే ఆ ఫిర్యాదు అసోసియేషన్ నుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ, కొచ్చిలోని ఎంపెడాకు, అక్కడి నుంచి ఢిల్లీ వాణిజ్య మంత్రిత్వ శాఖకు, అక్కడి నుంచి జెనీవా రాయబార కార్యాలయానికి నడవాలి.

నడిచింది, నెమ్మదిగా. ఉత్తర్వు వచ్చింది 2005 ఫిబ్రవరిలో. థాయ్‌లాండ్ 2006 ఏప్రిల్‌లో సంప్రదింపులు కోరింది. భారత్ జూన్ 6న కోరింది. బాండ్ల కింద నలుగుతున్న చిన్న ఎగుమతిదారుకు ఆ పదహారు నెలలు చాలా ఎక్కువ. కమల్‌నాథ్ వాణిజ్య మంత్రిగా, ఉజల్ సింగ్ భాటియా జెనీవాలో రాయబారిగా ఉన్న రోజులవి. కేసు సిద్ధం చేయడానికి సమయం పడుతుందన్నది నిజమే. అయినా అమెరికాలోని గల్ఫ్ తీరపు వేటగాళ్ల వెనక వాళ్ల ప్రతినిధులు నిలబడ్డ వేగంతో పోలిస్తే మన వ్యవస్థ కదలిక మందకొడి అని చెప్పక తప్పదు.

కదిలాక మాత్రం వాదన గట్టిగా సాగింది. నగదు డిపాజిట్ ఉండగా దాని పైన ఇంత బాండు సహేతుకమైన హామీ ఎలా అవుతుంది? క్రాఫిష్ దిగుమతిదారులు ఎగ్గొట్టారని రొయ్యవాళ్లను అనుమానించడం ఏ లెక్కన? రొయ్య మీద సుంకం రేటు మున్ముందు బాగా పెరుగుతుందని చూపే ఆధారమేదీ? అమెరికా దిగుమతిదారులూ తమ దేశపు అంతర్జాతీయ వాణిజ్య కోర్టుకెక్కారు. 2006 నవంబరులో ఆ కోర్టు వాళ్ల విషయంలో బాండు అమలును తాత్కాలికంగా ఆపింది. జెనీవా ప్యానెల్ నివేదిక 2008 ఫిబ్రవరి 29న వెలువడింది. బాండు సహేతుకం కాదంది. అమెరికా తన సుంకాల వసూలుకు ఇది తప్పనిసరి అంటూ చెప్పిన సాకు నిలవలేదు. జూలై 16న అప్పీలు మండలి కూడా అదే ఖాయం చేసింది. రొయ్య రేట్లు గణనీయంగా పెరిగే అవకాశం ఉందని చూపించలేకపోయారన్నది అందులో కీలకం. 2009 ఏప్రిల్ నుంచి ఆ బాండు నియమం పోయింది.

గెలుపే. కానీ వాణిజ్య సంస్థ తీర్పులు రేపటి నుంచే పనిచేస్తాయి, నిన్నటి నష్టానికి పైసా ఇప్పించవు. నాలుగేళ్లలో అమెరికా వ్యాపారం వదులుకున్నవాళ్లకు పోయిన కొనుగోలుదారు తిరిగి రాలేదు. సుంకం ఉత్తర్వు కూడా అలాగే ఉంది.

ఇదే ఏళ్లలో మరో పని చప్పుడు లేకుండా జరిగింది, నిజానికి చిన్న రైతుకు జెనీవా తీర్పు కంటే దగ్గరి మేలు అదే అనాలి. 2002 ప్రాంతాల నుంచి యూరప్‌లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్‌ల జాడ కనబడితే సరుకు వెనక్కి వచ్చేది. ఏ చెరువు రొయ్యలో ఏ మందు ఉందో ప్లాంటులో తెలిసే దారి లేదు, ఎందుకంటే ఒక కంటైనరులో ఎన్నో చిన్న చెరువుల సరుకు కలుస్తుంది. ఎంపెడా, ఆసియా దేశాల ఆక్వా సంస్థల నెట్‌వర్కు కలిసి పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో కొద్దిమంది రైతులతో ఒక ప్రయత్నం మొదలుపెట్టాయి. ఒకే కాలువ నీళ్లు వాడే రైతులంతా ఒక సంఘంగా చేరాలి. పిల్లను కలిసి పరీక్ష చేయించి కొనాలి, ఒకే వారంలో వదలాలి. తెగులు సోకిన చెరువు నీళ్లు కాలువలోకి తోడకూడదు. నిషేధిత మందు ముట్టకూడదు. వేసిన మేత, వాడిన సున్నం అన్నీ పుస్తకంలో రాయాలి. పుస్తకం రాయమంటే మొదట్లో విసుక్కున్నవాళ్లే తెగులు తగ్గి ఖర్చు కలిసొచ్చాక పక్క ఊరికి వెళ్లి చెప్పారు. సంఘాలు వందలకు పెరిగాయి. 2007లో దీనికోసమే కాకినాడ కేంద్రంగా నాక్సా అనే జాతీయ సంస్థ ఏర్పడింది. అరెకరం చెరువు రైతు బ్రస్సెల్స్ నిబంధనను తట్టుకుని నిలబడే దారి అలా ఒకటి తెరుచుకుంది.

2009లో బాండు పోయిన ఏడాదే ఇంకో మార్పు వచ్చింది. పసిఫిక్ తీరానికి చెందిన వెనామీ రొయ్యను పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. రెండు మూడు పంటలు తిరిగేసరికి ఆంధ్ర చెరువుల్లో టైగర్ జాడ తగ్గిపోయింది, అమెరికాకు వెళ్లే కంటైనర్ల సంఖ్య మునుపెన్నడూ లేనంత పెరిగింది. గల్ఫ్ తీరం మళ్లీ ఉలిక్కిపడింది. 2012 డిసెంబరు చివర్లో ఇంకో పిటిషన్ పడింది. ఈసారి ఆరోపణ ధర మీద కాదు, సబ్సిడీల మీద. అంటే బోనులో నిలబడాల్సింది కంపెనీ ఒక్కటే కాదు, ఎంపెడా ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పాల్సిన భారత ప్రభుత్వం కూడా. రైతుకు చేసిన సాయమే నేరమన్న వాదనను ఢిల్లీ ఎలా ఎదుర్కొంది, 2013 సెప్టెంబరులో అమెరికా వాణిజ్య కమిషన్ ఓటు ఎటు పడింది, అదే పిటిషన్ పదేళ్ల తర్వాత ఏ రూపంలో తిరిగొచ్చింది అన్నది వచ్చే భాగంలో.